మా సందును కలిపిన విజయేందర్

మీ వీధిలో బెదిరించి డబ్బు గుంజేవాడు ఒక్కడైనా ఉన్నాడా నాయనా? లేకపోతే వెంటనే ఒకణ్ణి వెతుక్కోండి. ఐకమత్యం ఊరికే వస్తుందా!

కార్ఖానా బస్తీలో మా సందును బోరింగు నీళ్ల రోజుల నుంచి చూస్తున్నాను. బిందెలతో తలలు పగలగొట్టుకున్నవాళ్లు, ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్లనివాళ్లు, ఇవాళ ఒక్క మాట మీద ఉన్నారంటే అంతా విజయేందర్ చలవే.

ఎవరైనా గోడ మొదలుపెడితే చాలు, బండి మీద వచ్చేస్తాడు. సెల్లులో ఫొటో తీస్తాడు. పర్మిషన్ లేదని కంప్లయింట్ ఇచ్చి పని ఆపిస్తానంటాడు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. "పక్కింటోళ్లు ఇచ్చిండ్రు, మీరే మిగిలిండ్రు" అంటాడంతే. ఆ తరువాత ఇవ్వకపోతే మన పరువేం కాను? కాంతమణి ఇచ్చిందని పక్కింటి పర్వతాలు ఇచ్చాడు. పర్వతాలు ఇచ్చాడనే కాంతమణీ ఇచ్చింది. మరి ముందెవరు ఇచ్చారంటారా? అలా అడగడం మర్యాదేనా!

ఇంత చక్కని సందులో, బట్టలు కుట్టే బ్యూలా పుల్ల పెట్టింది. తుంటి విరిగిన తల్లిని రోజూ మెట్లు దింపి పెరట్లోకి మోయలేక, గదికి ఆనించి చిన్న బాత్రూమ్ కట్టిస్తోంది. విజయేందర్ రానే వచ్చాడు, ఆ పక్కింటోళ్ల మాటే అన్నాడు.

బ్యూలా మిషన్ ముందు నుంచి లేవనైనా లేవలేదు. "గట్లనా అన్నా? జెర ఆగు, ఆళ్లనే పిలుస్తా. ఆళ్ల ముందట చెప్పు" అని, "పర్వతాలు తాతా, కాంతమణక్కా, ఒక్కసారి ఇటు రాండ్రి" అని కేకేసింది.

విజయేందర్‌కు ఏదో పని గుర్తొచ్చినట్టుంది, బండెక్కి వెళ్లిపోయాడు. బాత్రూమ్ పూర్తయింది. ముసలామె ఇప్పుడు గోడ పట్టుకుని తనంతట తానే వెళ్లి వస్తోంది.

సందుకెంత అప్రతిష్ట! సాయంత్రం పర్వతాలు ఇంట్లో అందరం కూర్చున్నాం. ఆమె ఇవ్వకపోతే, ఇన్నేళ్లు ఇచ్చిన మేము ఏమైనట్టు? "గాయన మనసు కష్టపెట్టుకుంటే అందరికి పరేషానే" అన్నాడు పర్వతాలు. అందరూ తలూపారు. అందరూ ఊపాక నేనూ ఊపాను. బ్యూలా వాటా మేమే వేసుకుని, మిఠాయి డబ్బాతో సహా అతని ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చాం.

పాపం, విజయేందర్‌కు ఇప్పుడు బండి తీసే శ్రమే లేదు. ఎవరింటి ముందు ఇసుక దిగినా మేమే వెళ్లి, అందరం ఇచ్చామని చెప్పి, వసూలు చేసి అతనికి చేరవేస్తున్నాం.

మొన్న కొత్తగా ఇల్లు కొనుక్కొచ్చిన సీతారత్నం మాత్రం పోలీసులకు చెబుతానంటోంది. చెప్పనీ తల్లీ. విజయేందర్ మొహం కూడా చూడలేదే ఆ పిల్ల! గుమ్మంలో నిలబడి డబ్బడిగింది నేను కదా.