రెండో ఎత్తుకే వీధిన పడ్డ రాజు

ఆ ఆదివారం రజ్మిక్ లేస్తూనే మాంసం ముక్కలకు ఉల్లిపాయలు, మిరియాలు దట్టంగా పట్టించి, గిన్నె మీద మూతా, మూత మీద రాయీ పెట్టాడు. ఆ తర్వాతే మొహం కడుక్కున్నాడు. అతని పథకంలో మెలికలేమీ లేవు. పొద్దున లోగిట్లో పక్కింటి మమికోన్‌ను చదరంగంలో ఓడించాలి, మధ్యాహ్నం కుంపటి రాజేయాలి, సాయంత్రం కూతురు లూసినేకు కాబోయే అత్తమామల ముందు మాంసం చువ్వలు తిప్పుతూ నిలబడాలి.

గ్యూమ్రి పట్టణంలో ఆ నల్లరాతి ఇళ్ల లోగిలికి రెండు కట్టుబాట్లున్నాయి. వసంతంలో తొలి విందు రోజున ఆట గెలిచినవాడే కుంపటి దగ్గర నిలబడతాడు. ఇక ఆట మధ్యలో ఆటగాడికి ఎత్తు చెప్పినవాడు ఎవడైనా సరే, ఆ రోజంతా కుంపటి ఛాయలకు రాకుండా చువ్వలు తోముతాడు. మూడేళ్లుగా గెలుస్తున్నది మమికోనే. మూడేళ్లుగా అతను కాల్చిన మాంసాన్ని బూటు తోలని అంటున్నది రజ్మిక్. ఈసారి మాత్రం పరువు సంగతి. పిల్లను అడగడానికి వియ్యాలవారు వచ్చిన రోజున పక్కింటివాడు మాంసం కాల్చి వడ్డిస్తే, పిల్ల తండ్రికి మీసం ఎందుకు?

"ఏమయ్యా, వాడేదో పన్నాగం పన్నాడు," అంది భార్య క్నారిక్ కాఫీ ఇస్తూ. "నిన్నంతా కిటికీ అద్దాలు మూసుకుని ఒక్కడే చదరంగం బల్ల ముందు కూర్చున్నాడు. మధ్యమధ్యలో తల పట్టుకుంటున్నాడు."

"పట్టుకోనీ. వాడు ఎప్పుడూ తలుపు గడియపెట్టుకుని కూర్చునే ఆటే ఆడతాడు. ఆ గడియ విరగ్గొట్టడం చలికాలమంతా నేర్చుకున్నాను," అన్నాడు రజ్మిక్.

ఆట మొదలైంది. రజ్మిక్ రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోశాడు. మమికోన్ కూడా అదే చేశాడు. రజ్మిక్ గుర్రాన్ని బయటికి దూకించి, ఎదుటి బంటు మీద గురిపెట్టాడు. అప్పుడు మమికోన్ గంభీరంగా మీసం దువ్వుకుని, తన రాజునే ఒక గడి ముందుకు నడిపించాడు.

రెండో ఎత్తుకే రాజు ఇల్లు విడిచి వీధిలోకి రావడం అక్కడి ముసలాళ్లు కూడా చూడలేదు. బడిలో రెండో తరగతి పిల్లలకు చదరంగం నేర్పే సిరనుష్ టీచర్ నోరు తెరిచి, వెంటనే చున్నీ అంచును నోట్లో కుక్కుకుంది. నోరు జారితే చువ్వలు తోమాలి; నిన్ననే గోళ్లకు రంగు వేయించుకున్న సంగతి ఆవిడకు గుర్తొచ్చింది.

గుర్రంతో బంటును కొట్టేయవచ్చు. ఫుకట్‌గా దొరుకుతోంది. సరిగ్గా అందుకే రజ్మిక్‌కు చెమటలు పట్టాయి. 'మూడేళ్ల విజేత ఊరికే బంటు పారేస్తాడా? ఇందులో విషం ఉంది,' అనుకున్నాడు. ఎంతో ఆలోచించి, గుర్రాన్ని తీసుకెళ్లి మళ్లీ లాయంలో కట్టేశాడు.

మమికోన్ మొహం వాడిపోయింది. నిట్టూర్చి రాజును ఇంకో గడి ముందుకు, చదరంగం బల్ల నట్టనడుమకు నెట్టాడు.

"ఇది మాస్కో వాళ్లు కొత్తగా కనిపెట్టిన రక్షణ!" అంది మూడో అంతస్తు బాల్కనీ.

"కాదు, కంప్యూటర్ కనిపెట్టింది," అంది రెండో అంతస్తు.

ఎవరో రాజధాని యెరెవాన్‌లో చదరంగం నేర్పే చుట్టానికి ఫోన్ చేసి ఎత్తులన్నీ చెప్పారు. అవతల అతను పొట్ట పట్టుకుని నవ్వీ నవ్వీ ఊపిరందక ఫోన్ జారవిడిచాడు. ఇవతల ఏమీ వినపడలేదు. "అంత పెద్ద గురువుకే నోట మాట రాలేదర్రా!" అని కబురు పాకింది. పక్క లోగిలి వాళ్లు ముక్కాలి పీటలు పట్టుకుని మరీ వచ్చారు.

రజ్మిక్ ఈ చివరనున్న బంటును భయంభయంగా ఒక గడి జరిపాడు. మమికోన్ రాజును పక్కకు జరిపాడు. రజ్మిక్ ఆ చివర బంటును జరిపాడు. మమికోన్ రాజును మళ్లీ నడుమకు తెచ్చి నిలబెట్టి, రజ్మిక్ కళ్లలోకి బతిమాలుతున్నట్టు చూశాడు. రజ్మిక్‌కు అది పులి చూపులా తోచింది. ఊరంతా చూస్తుండగా చిత్తుగా ఓడి, ఆ కథ సాయంత్రం వియ్యంకుడి చెవిన పడటం కన్నా, ఇప్పుడే మర్యాదగా ఓటమి ఒప్పుకోవడం నయమనిపించింది. లోపల గిన్నెలో ఊరుతున్న మాంసం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. తన రాజును పడుకోబెట్టడానికి చెయ్యి చాచాడు.

మమికోన్ ఆ చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు.

"ఒరే గాడిదా! మంత్రిని బయటికి తియ్యరా! నా రాజుకు ఒక్క చెక్ చెప్పు, నా పని అయిపోతుంది!"

"ఏంటీ?"

"ఇంకెలా ఓడిపోమంటావురా నన్ను? నిన్నంతా కూర్చుని, ఇంతకన్నా చెత్త ఆట దొరక్క చచ్చాను! గుర్రం ముందు బంటు పెట్టా, వద్దన్నావు. రాజునే తెచ్చి నీ ఒళ్లో కూర్చోబెట్టా, చూడవు! లూసినే నా చేతుల మీద పెరిగిన పిల్ల. ఇవాళ కుంపటి దగ్గర దాని నాన్న ఉండాలి గానీ నేనెందుకురా? ఊరికే ఇస్తే నువ్వు పుచ్చుకునే రకమా?"

క్నారిక్ చేతి రుమాలుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత లోగిలి మొత్తం ఒక్కసారిగా వాదనకు దిగింది. ఆట ఎవరిది? రజ్మిక్ రాజు ఇంకా నిలబడే ఉంది. కానీ ఓటమి ఒప్పుకోబోయాడు కదా?

సిరనుష్ టీచర్ నోట్లోంచి చున్నీ తీసింది. "ఆట సంగతి తర్వాత. ఎత్తు చెప్పింది ఎవరు?"

అందరూ మమికోన్ వైపు తిరిగారు.

"ఎదుటివాడికి తానే ఎత్తు చెప్పిన ఆటగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కానీ ఎవడైనా సరే అంటే ఎవడైనా సరే. మమికోన్ నాయనా, పోయి బూడిద తెచ్చుకో."

మమికోన్ అంత సంతోషంగా శిక్షకు బయల్దేరినవాణ్ణి ఆ లోగిలి ఎరగదు. బల్ల దాటి వచ్చి రజ్మిక్‌ను గట్టిగా కౌగిలించుకుని, చొక్కా చేతులు మడుచుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.

సాయంత్రం వియ్యాలవారు వచ్చారు. రజ్మిక్ కుంపటి ముందు మీసం మెలేసి నిలబడ్డాడు. ఆనందం పట్టలేక, అంత ఘోరమైన రక్షణకు తాను ఎంత నిబ్బరంగా ఎదురు నిలిచాడో కాబోయే వియ్యంకుడికి చువ్వ ఊపుతూ వివరించాడు. మొదటి నుంచి చెప్పాడు. రెండోసారి ఇంకొంచెం పెంచి చెప్పాడు. ఈలోగా మిగతా చువ్వలు నిప్పుల మీదే ఉన్నాయి.

వియ్యంకుడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ఏదో అనబోతుంటే సిరనుష్ టీచర్ అతని చెవిలో లోగిలి కట్టుబాటును కాల్చేవాడికి సలహా ఇచ్చినవాళ్లకూ వర్తింపజేసి చెప్పి, కుళాయి దగ్గర చువ్వలు తోముతున్న మమికోన్‌ను చూపించింది.

మాంసం మాడిందని ఆ సాయంత్రం ఎవరూ అనలేదు. తోమాల్సిన చువ్వలు ఇంకా చాలానే ఉన్నాయి.