శబ్దం బయటికి పోని గది

2024 ఫిబ్రవరి పద్దెనిమిదో తారీఖు, ఆదివారం మధ్యాహ్నం, ధర్మవరంలో తమ్ముడు విజయ్ కుమార్ ఇంట్లో కన్యకమ్మ రెండు ఓళిగలు, వంకాయ పులుసు, పెరుగన్నం తిన్నది. ఆమె భర్త గోవిందరాజులు శెట్టి గారు నాలుగు ఓళిగలు తిన్నారు. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఓళిగలు కావు. భోజనమయ్యాక శెట్టి గారు బామ్మర్ది కొత్తగా కట్టించుకున్న హోం థియేటరులో మెత్తని కుర్చీలో కూచుని, ఇరవై నిమిషాలపాటు యుద్ధం చూసి, బయటికొచ్చి, హిందూపురంలో తామూ ఒకటి కట్టించబోతున్నామని ప్రకటించారు.

దీనికి కారణం ఉంది. శెట్టి గారికి రెండేళ్ళుగా చెవులు సరిగా వినపడవు. ఈ సంగతి హిందూపురంలో అందరికీ తెలుసు కాబట్టి రహస్యంగా ఉంచారు. బామ్మర్ది థియేటరులో ఏనుగులు పరుగెత్తినప్పుడు ఆ శబ్దం చెవులకు అందలేదు గాని పక్కటెముకలకు అందింది. రెండేళ్ళ తర్వాత ఒక చప్పుడు తనను వెదుక్కుంటూ వచ్చిందని ఆయన కళ్ళు చెమర్చాయి. పులుసులో కారం ఎక్కువైందని అందరికీ చెప్పారు.

చెవి డాక్టరు అంతకుముందే చిక్కుడు గింజంత మిషన్ పెట్టుకుంటే చాలని కాగితం రాసిచ్చాడు. శెట్టి గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చెవిలో మిషన్ పెట్టుకోని మండీలో కూచుంటే, శెట్టి పని అయిపోయినాదంటారు. నలుగురూ ఏమనుకుంటారే?" అన్నారు. చిక్కుడు గింజ నలుగురికీ కనపడుతుంది. పద్దెనిమిదడుగుల గది ఎవరికంట పడుతుంది?

వ్యాపారానికి చెవులతో పని పడలేదు. ఆయన చింతపండు మండీలో పాతకాలపు బేరం ఇంకా నడుస్తూనే ఉంది. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. చిక్కంతా ఇంట్లోనే. ఇంట్లో ఉప్పు అయిపోయిందని కన్యకమ్మ భర్తకు చెబితే, భర్త బయల్దేరేలోగా ఎదురింటి ఓబుళప్ప, "అక్కా, మీ ఇంట్లో ఉప్పు అయిపోయినాదంట కదా," అని గిన్నెతో వచ్చేవాడు. ఆ వీధిలో ఇరుగుపొరుగు సహకారం అంత గొప్పగా ఉండేది.

ఉప్పు సంగతి అందరికీ తెలిసినా నష్టం లేదు. కీర్తన సంగతి అట్లా కాదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కీర్తన పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. అక్కడే పనిచేసే చైతన్య అనే అబ్బాయిని చేసుకుంటానని తల్లికి చెప్పింది. అబ్బాయి గోరంట్ల దగ్గర రైతు ఈరన్న కొడుకు. బుద్ధిమంతుడు, నెమ్మదైన గొంతు. కులం వేరు. ఆ మాట భర్త చెవిన వేసి, ఆయనను ఒప్పించడం కన్యకమ్మ వంతైంది. రహస్యం చెప్పాలంటే అరవాలి. అరిస్తే రహస్యం కాదు. ఈ ఇరుకులో ఎనిమిది నెలలు గడిచాయి.

"ఎప్పుడు చెప్తావమ్మా? ఈరన్న మామోళ్ళు ఎన్ని దినాలని కాచుకోని ఉంటారు? నాయన యాడనో ఒక చోట మాటిచ్చేసినాక చెప్తావా?" అని కీర్తన అడిగేది.

"యాడ చెప్పేది తల్లీ? ఈడ చెప్తే గోరంట్ల బస్సులో పోయేవాళ్ళకు గూడా ఇనపడ్తాది," అని కన్యకమ్మ నిట్టూర్చేది.

ఆమె ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. ఒకసారి చీటీ రాసిచ్చింది. శెట్టి గారికి కరెంటు బిల్లు మొదలుకొని శుభలేఖ దాకా ఏ కాగితమైనా బిగ్గరగా చదివే అలవాటు. వాకిట్లో కుర్చీ వేసుకుని, "ఇదో, మన కీర్తన ఒక," దాకా చదివారు. కన్యకమ్మ చీటీ లాక్కుని పొయ్యిలో వేసింది. అది సరుకుల పట్టీ అని సైగ చేసింది. ఇంకోసారి పెనుకొండ కోట చూద్దామని ఆయనను కొండమీదికి పిలుచుకుపోయి, జనంలేని బురుజు పక్కన నిలబెట్టి, "కీర్తన ఒక పిల్లోణ్ణి," అని గొంతెత్తింది. బురుజు వెనక విహారయాత్రకొచ్చిన స్కూలు పిల్లలు అన్నాలు తింటున్నారు. వాళ్ళ అయ్యవారు పరుగెత్తుకొచ్చి, "ఏ పిల్లోడమ్మా, తప్పిపోయినాడా?" అన్నాడు. అరగంటసేపు అందరూ వెదికారు. శెట్టి గారు కూడా చెమటోడ్చి వెదికారు. పిల్లోడు దొరకలేదు గాని, సాయం చేసినందుకు అయ్యవారు శెట్టి గారికి నిమ్మకాయ పులిహోర పెట్టాడు.

ఈలోగా మేడమీద గది పని మొదలైంది. బెంగళూరు నుంచి హరీష్ అనే డిజైనరు వచ్చాడు. మంచివాడు, చదువుకున్నవాడు, ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి జనం తన మాట వింటారని నమ్మేవాడు. గోడలకు లోపల దూది పలకలు వేసి, వాటిమీద మెరవని ముదురు బూడిద రంగు గుడ్డ కట్టాలన్నాడు. విజయ్ కుమార్‌కు ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉంది. "శుభమా అని గది కడ్తాంటే బూడిద రంగేందప్పా? పట్టంగడి పెట్టుకోని అక్క ఇంట్లో గోడలకు బూడిద గుడ్డ కట్టిస్తే, జనము నా మొగాన ఉమ్మెయ్యరా?" అన్నాడు. గోడలకు ముప్పైరెండు జరీ అంచు పట్టుచీరలు కట్టారు. గది నిండా పెద్ద ముత్తైదువలు నిలబడినట్టు కళగా ఉంది. తెరమీద కటిక చీకటి సీను నడుస్తున్నా ఆ గదిలో పెళ్ళి జరుగుతున్నట్టే ఉంటుంది.

బరువులు నైరుతిలో ఉండాలని వాస్తు పండితుడు సెలవిచ్చారు. అందువల్ల ఉరుములు పలికే పెద్ద పెట్టెను తీసి వెనక మూలలో పెట్టారు. తూర్పున తెరమీద మెరుపు మెరిస్తే, నైరుతిలో ఉరుముతుంది. మెత్తని కుర్చీలు ఎనిమిది వచ్చాయి. మీట నొక్కితే కాళ్ళు పైకి లేచే రకం. అందులో ఒక ధర్మసందేహం పుట్టింది. కాళ్ళు తెరవైపు చాచినప్పుడు తెరమీదికి దేవుడొస్తే ఎట్లా? పెద్దలు కూచుని ఆలోచించి, దేవుడు కనపడగానే కాళ్ళు దించుకోవాలని తీర్మానించారు. కుర్చీ కాళ్ళు దించడానికి పన్నెండు సెకన్లు పడుతుంది. ఆలోగా దేవుడు సాధారణంగా మాయమైపోతాడు. అయినా ప్రయత్నలోపం లేదు కాబట్టి దోషం అంటదని పురోహితుడు తేల్చారు. ఆయనే తెరకు నడుమ కుంకుమ బొట్టు పెట్టారు. అది పోలేదు. ఆ తెరమీద ఏ రాక్షసుడు కనపడినా చెంపమీద బొట్టుతో పెళ్ళికొడుకులా ఉంటాడు.

ప్రారంభోత్సవం రేపనగా హరీష్ గదిని పరీక్షించాడు. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు బిగించాడు. శబ్దం వెంట్రుకవాసి కూడా బయటికి రాకూడదన్నాడు.

"అమ్మా, మీరు లోపల ఉండి మీకు చాతనైనంత గట్టిగా అరవండి."

"ఏమని అరవాలప్పా?" అని అడిగింది కన్యకమ్మ.

"మీ నోటికి ఏదొస్తే అది."

ఆమె లోపలికి పోయింది. తలుపులు పడ్డాయి. పట్టుచీరల మధ్య ఒక్కతే నిలబడింది. నోటికి ఎనిమిది నెలలుగా ఒకటే మాట వస్తోంది. "కీర్తన గోరంట్ల ఈరన్న కొడుకు చైతన్యను చేసుకుంటాదంట," అని మూడుసార్లు అరిచింది. అరిచాక చేసిన పని తెలిసొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తలుపు తీసింది. బయట భర్త, తమ్ముడు, హరీష్, పరీక్ష చూడ్డానికొచ్చిన ఓబుళప్ప తలుపుకు చెవులానించి నిలబడి ఉన్నారు.

హరీష్ వినయంగా, "ఇంక మొదలుపెట్టండమ్మా, కాచుకోని ఉండాము," అన్నాడు.

వీధి చివర కొళాయి దగ్గర మాట కూడా పట్టుకోగల ఓబుళప్ప వైపు ఆమె చూసింది. ఆయన ముఖంలో ఏమీ లేదు. కన్యకమ్మ ఆ గది గోడను చేత్తో ఒకసారి నిమిరింది.

మర్నాటి ప్రారంభోత్సవానికి కులసంఘం అధ్యక్షుడు పాండురంగ శెట్టి గారు, మరో ఆరుగురు పెద్దలు విచ్చేశారు. అందరికీ డెబ్బై దాటాయి. పాండురంగ శెట్టి గారి మనవడికి కీర్తనను అడుగుతారని ఊళ్ళో వినికిడి. కన్యకమ్మకు అన్నం సయించలేదు.

అధ్యక్షోపన్యాసం కోసం హరీష్ సౌండు ఆపేశాడు. "సోదరులారా, ఒకప్పుడు మనిషి సినిమా దగ్గరికి పోతాండె. శెట్టి గారు సినిమానే మెట్లెక్కించి మేడమీదికి రప్పించినారు. ఇది ఒక ఇంటి గౌరవం కాదు, హిందూపురం గౌరవం. శబ్దమనేది బ్రహ్మస్వరూపం. ఆ బ్రహ్మను ఈడ ఎనిమిది పెట్టెల్లో ప్రతిష్ఠించినారు," అని పాండురంగ శెట్టి గారు అరగంట మాట్లాడారు. హరీష్ బెంగళూరు బస్సు వేళైంది. చప్పట్ల మధ్య సినిమా మొదలుపెట్టి, నమస్కారం పెట్టి, పరుగెత్తాడు. ఆపిన సౌండు మళ్ళీ పెట్టలేదు.

పాత పౌరాణికం ఒకటి నిశ్శబ్దంగా నడవసాగింది. నారదుడు నోరు తెరిచాడు. మూసుకున్నాడు. ఏనుగులు పరుగెత్తాయి. గోవిందరాజులు శెట్టి గారు ఛాతీమీద చెయ్యి వేసుకుని కూచున్నారు. పక్కటెముకలకు ఏమీ తగల్లేదు. గోడవార చాపమీద కూతురితో కూచున్న కన్యకమ్మ, ఆయన ముఖం చూసి రిమోటు కోసం లేవబోయింది.

అప్పుడే పాండురంగ శెట్టి గారు, "ఏం క్లారిటీ అప్పా. ఒక్కొక్క అక్షరము ముత్యమే," అన్నారు.

"నారదుని తంబుర నా చెవి పక్కనే మోగినట్టుండాది," అన్నారు ఇంకొకరు.

"ధర్మవరంలో ఉండేది దీని ముందర దండగ," అని మూడోవారు విజయ్ కుమార్ ఎదుటే తేల్చారు. విజయ్ కుమార్ తల అడ్డంగా ఊపాలని చూసి, పెద్దల ముఖాలు చూసి, నిలువుగా ఊపాడు. ఒక పెద్దాయన నవ్వితే ఆయనను చూసి పక్కాయన, పక్కాయనను చూసి తక్కినవాళ్ళు నవ్వారు. విష్ణుమూర్తి ప్రత్యక్షమైతే ఎనిమిది కుర్చీలు గుర్రుమంటూ కాళ్ళు దించాయి. ఆ సాయంత్రం ఆ గదిలో వినపడిన శబ్దం అదొక్కటే.

"అమ్మా, సౌండు," అని కీర్తన గొణిగింది.

కన్యకమ్మ కూతురి చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. "ఊరికే ఉండు. పెద్దోళ్ళు ఇంటాండారు."

కేసరిబాత్, కాఫీ అయ్యాక పాండురంగ శెట్టి గారు గుమ్మంలో నిలబడి గోవిందరాజులు శెట్టి గారి రెండు చేతులూ పట్టుకుని, పిల్లల మాట వచ్చే వారం మాట్లాడుకుందామన్నారు. శెట్టి గారు ఏమీ వినపడకున్నా అలవాటు ప్రకారం తలూపారు.

అందరూ పోయాక ఎనిమిది గంటలకు కన్యకమ్మ భర్తను మళ్ళీ మేడమీదికి పిలుచుకుపోయింది. రెండు తలుపులూ వేసింది. ఆయన కుర్చీలో కూలబడి, "ఎముకలకు గూడా చెవుడొచ్చినాదే కన్యకా. ఆ ఏడుమందీ పాపం ఎంత బాగా ఇన్నారో," అన్నారు.

ఆమె పక్క కుర్చీలో కూచుని, ఊపిరి పీల్చుకుని, కీర్తన సంగతంతా అరిచి చెప్పింది. చైతన్య, ఈరన్న, గోరంట్ల, ఎనిమిది నెలలు, పొయ్యిలో వేసిన చీటీ, పెనుకొండలో దొరకని పిల్లోడు, అన్నీ. రెండేళ్ళలో భర్తతో అంతసేపు మాట్లాడింది అదే. శెట్టి గారు పంచె అంచు మడత పెడుతూ, విప్పుతూ విన్నారు.

చివరికి, "పాండురంగ శెట్టి ముందర నా తలకాయ యాడ పెట్టుకునేది? నలుగురూ ఏమనుకుంటారే?" అన్నారు.

"ఏ నలుగురు? సౌండు లేని సినిమాకు క్లారిటీ బాగుండాదని పోయినారే, ఆ నలుగురేనా?"

"సౌండు లేదా?"

"మొదటినించీ లేదు."

శెట్టి గారు తెర వైపు చూశారు. "నాకొక్కనికే అనుకుంటినే," అన్నారు. తర్వాత నవ్వారు. రెండేళ్ళుగా ఆయన అందరూ నవ్వాక నవ్వుతున్నారు. ఆ రోజు ముందుగా నవ్వింది ఆయనే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని ఒకే ప్రశ్న వేశారు.

"ఆ పిల్లోడు గట్టిగా మాట్లాడ్తాడా, మెల్లగానా?"

"మెల్లగానే."

"అయితే మిషన్ కొనాల్సిందే. ఈరన్నను ఆదివారం రమ్మని చెప్పు."

మిషన్ కొన్నారు. శ్రావణంలో కీర్తన పెళ్ళి జరిగింది. పాండురంగ శెట్టి గారు పెళ్ళికి వచ్చి, ఇట్లాంటి సంబంధాలు ఎప్పుడో మొదలుకావలసిందని అరగంట మాట్లాడి, వెంటనే తన ఇంట్లోనూ హోం థియేటరుకు కబురుపెట్టారు. శెట్టి గారింట్లో విన్న సౌండే అచ్చంగా కావాలని ఆయన పట్టు. ఆ సౌండు ఏ కంపెనీదో చెప్పలేక హరీష్ ఇంకా తిరుగుతున్నాడు. ఊళ్ళో మరో నలుగురు పెద్దలు కూడా ఆర్డరిచ్చారు. హిందూపురంలో పెద్దలు కళను ఇంతగా పోషిస్తున్న కాలం మునుపెన్నడూ లేదు.

గోవిందరాజులు శెట్టి గారు మిషన్ మండీలో పెట్టుకోరు. వీధిలో పెట్టుకోరు. అల్లుడు వస్తే ముందు మేడమీదికి పిలుచుకుపోయి, ఆ తర్వాతే బాగున్నావా అని అడుగుతారు. రోజూ రాత్రి భోజనమయ్యాక భార్యాభర్తలిద్దరూ ఆ గదిలోకి పోతారు. శెట్టి గారింట్లో రోజుకొక సినిమా చూస్తారని వీధి అసూయపడుతూ ఉంటుంది. లోపల తెర వెలగదు. ఆయన చెవిలో చిక్కుడు గింజ పెట్టుకుని కూచుంటారు. ఇంక అరవాల్సిన పని లేదు కాబట్టి కన్యకమ్మ ఆ పూట కూరలో ఉప్పు తగ్గిన సంగతి మామూలు గొంతుతోనే చెబుతుంది. మామూలు గొంతుతో చెప్పడానికి ఇన్ని గోడలెందుకని మీరు అడగవచ్చు. ఆ గోడలు ఆమె గొంతు కోసం కావు. మన కళ్ళ కోసం.

ఈ రాత్రి కూడా ఆయన మిషన్ డబ్బీ పట్టుకుని కుర్చీలో కూచున్నారు. ఎదురింటి అరుగుమీద ఓబుళప్ప ఇంకా మేలుకునే ఉన్నాడు. కన్యకమ్మ మేడమీదినుంచి అతనికి మర్యాదగా తలూపి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.