అప్పన్నకు పొడి పక్క

ఆ రోజు ఉదయం త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కశింకోట దగ్గర కొబ్బరి పీచు తీసేచోట పొట్టు దొరుకుతుందట. అది నీళ్ళను దూదిలా పీలుస్తుందట. ఆటోలో నాలుగు బస్తాలు తెచ్చి, చీకటి పడేలోగా అప్పన్నకు పక్క వేసేయాలి. మర్నాడు పాయకరావుపేటలో పెళ్ళి. ఆ పెళ్ళికి అప్పన్న తెల్లగా వెళ్ళాలి.

అప్పన్న త్రినాధరావు గుర్రం. అనకాపల్లి చుట్టుపక్కల పెళ్ళికొడుకులను ఊరేగించే తెల్ల గుర్రం అదొక్కటే. సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్న వారానికే బేరం కుదిరింది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. త్రినాధరావు భార్య రాజశ్రీ మాత్రం చంటిపిల్లల్ని పిలిచినట్టు "నాన్నా" అని పిలుస్తుంది. మనిషి కాదన్న సంగతి ఆ ఇంట్లో ఎప్పుడో మరిచిపోయారు.

అప్పన్నలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్క ఉచ్చ తప్ప. బకెట్లకు బకెట్లు పోస్తాడు. మొదట్లో షెడ్డులో వరిగడ్డి పరిచారు. తెల్లారేసరికి పక్కను తినేశాడు. బెల్లం వండేవాళ్ళ దగ్గర నుంచి చెరుకు పిప్పి తెచ్చి వేస్తే, తడి బాగానే పీల్చింది కానీ పేటలోని చీమలన్నీ కుటుంబాలతో సహా దిగాయి. రంపపు పొట్టు వేస్తే రాత్రంతా తుమ్మాడు. గుర్రం తుమ్మితే వీధి మొత్తం లేస్తుంది. ఇక మిగిలింది ఊక. ఊక తడిని పీల్చదు, తడి మీద తేలుతుంది. తేలే ఊక కింద నుంచి ధార గోడ దాటి పక్కింటి కాసులమ్మ పెరట్లోకి నడిచేది.

తడిలో పడుకోలేక అప్పన్న నిలబడే కునుకు తీసేవాడు. ఎప్పుడైనా కాళ్ళు లాగి వాలితే డొక్క పచ్చబడేది. పోయిన పెళ్ళిలో ఆడపెళ్ళివారు "గుర్రానికి కూడా నలుగు పెట్టేరేటి?" అని నవ్వారు. ఇంకోసారి అలా నవ్వితే తనను పిలిచేవాళ్ళుండరని త్రినాధరావు భయం. మరోపక్క కాసులమ్మ మున్సిపాలిటీకి చెప్పేస్తానని రోజూ గోడ మీద నుంచి హెచ్చరిస్తోంది.

భర్త కశింకోట బయల్దేరాక రాజశ్రీకి అనుమానం వచ్చింది. ఊక ముంచింది, పొట్టు తేలుస్తుందని ఏమిటి నమ్మకం? ఆస్పత్రి మంచాల మీద వేసే, తడి పీల్చే గుడ్డలు ఉంటాయని ఎవరో అన్నారు. మెయిన్ రోడ్డులో సన్యాసిరావు సర్జికల్ షాపుకి వెళ్ళింది.

"బాబూ, మా అప్పన్నకి రేత్రుల్లు కిందెయ్యడానికి ఏటైనా ఉందా? పక్కంతా తడిపేత్తన్నాడు" అంది.

సన్యాసిరావు మెత్తటి మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్ద వయసామ్మా?"

"పెద్దే బాబూ. పల్లు అరిగిపోయేయి."

"షుగరుందా?"

"బెల్లం ముక్క కనబడితే ఒదల్డు. డాక్టరుగారు సూసి రోగమేటీ లేదు, నీల్లెక్కువ తాగుతాడన్నారు."

సన్యాసిరావు ఒక షీటు తీసి పరిచాడు. రాజశ్రీ దాన్ని చూసి నవ్వింది. "ఇది జేబురుమాలంతుంది. మా నాన్న ఒక్కసారి పోత్తే బకెట్టు."

'మా నాన్న' అన్న మాట వినగానే సన్యాసిరావు మనసు కరిగిపోయింది. "ఇప్పుడు దేని మీద పడుకుంటన్నారమ్మా?"

"ఊక మీద."

"ఊకా!"

"ముందు గడ్డేసేం బాబూ. తినేసేడు."

సన్యాసిరావు షీటు మడతపెట్టడం ఆపేశాడు. "గడ్డి తినేసేడా?"

"ఆకలి కదా మరి! తెల్లారేదాకా ఆగలేడు. ఇప్పుడు తడికి పడుకోలేక నిలబడే నిద్దరోతన్నాడు, పాపం."

"మరి మంచం మీద, గదిలో..."

"గదిలోకెలా తెత్తాం బాబూ? షెడ్డులో కట్టేత్తాం. కట్టకపోతే రోడ్డెక్కెయ్యడూ!" అంది రాజశ్రీ.

అతను ఇల్లెక్కడని అడిగితే, సరుకు పంపిస్తాడు కాబోలని అడ్రసు చెప్పి వచ్చేసింది.

సన్యాసిరావు ఆ క్షణమే ఇందు అనే ఆమెకు ఫోన్ చేశాడు. ఇందు దిక్కులేని వృద్ధుల కోసం ఒక ఆశ్రమం నడుపుతోంది. ఉత్సాహవంతురాలు. "అమ్మా, కన్నతండ్రిని షెడ్డులో కట్టేసి గడ్డి పెడతన్నారు" అని అతను అనడమే తడవు, స్ట్రెచరు, దుప్పట్లు, గంజి ఉన్న క్యారియరు, కానిస్టేబుల్ నానాజీ, అన్నిటినీ ఒక వ్యానులో వేసుకుని బయల్దేరింది. సన్యాసిరావు షాపు మూసి వెనకాలే వచ్చాడు.

వ్యాను ఆగేసరికి వీధిలో కనబడింది కాసులమ్మ.

"ఇక్కడ అప్పన్న గారంటే ఎవరండీ?" అని అడిగింది ఇందు.

"గారేటి ఆడికి!" అని మండిపడింది కాసులమ్మ. "రేత్రంతా మా గోడ కిందకి ఒదిలేత్తాడు. తీసుకెల్లిపోడానికొచ్చేరా? మీకు పున్నెముంటాది తల్లీ, ఏగిరం తీసుకెల్లండి."

"ఇంట్లోవాళ్ళు బాగా చూడరా?"

"సూడకేం? పెల్లిల్ల సీజనొత్తే కాల్లకి గజ్జెలు కట్టి డప్పుకి ఆడిత్తారు. పెల్లికొడుకుని ఈపు మీద ఎక్కించి ఊరంతా తిప్పుతారు."

ఇందు ఒక అడుగు ముందుకేసింది. "ఈ వయసులోనా?"

"బువ్వ తిన్నాక పని సెయ్యొద్దా?" అంది కాసులమ్మ.

నానాజీ మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే త్రినాధరావు బస్తాల ఆటోలో దిగాడు. ఇంటి ముందు జనాన్నీ, స్ట్రెచరునూ చూసి రాజశ్రీకి ఏమైందోనని పరుగెత్తాడు. నానాజీ అతని చొక్కా పట్టుకున్నాడు.

"మీ నాన్నేడ్రా?"

"మా నాన్నా? పోయేడండి."

"ఎక్కడికి పోయేడు?"

"సచ్చిపోయేడండి. శానా కాలమైంది."

సన్యాసిరావు "పొద్దున్న దాకా ఊక మీద ఉన్నాడని మీ ఆవిడే చెప్పింది!" అన్నాడు. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. నానాజీ చొక్కాను ఇంకో మెలిక తిప్పి, "శవాన్ని షెడ్డులో దాసేవా?" అన్నాడు. చచ్చిపోయిన తండ్రి తన షెడ్డులోకి ఎప్పుడొచ్చాడో త్రినాధరావుకి అంతుపట్టలేదు.

గొడవ విని రాజశ్రీ లోపలి నుంచి పరుగున వచ్చింది. సన్యాసిరావుని చూసి, "గుడ్డలు తెచ్చేవా బాబూ?" అని ఆప్యాయంగా పలకరించింది. అంతవరకే చూసి ఇందు ఇక ఆగలేదు. నేరుగా వెళ్ళి షెడ్డు తలుపు తోసింది. నానాజీ త్రినాధరావుని ఈడ్చుకుంటూ వెనకాలే దూరాడు.

లోపల అప్పన్న తల తిప్పి అందరినీ మర్యాదగా చూశాడు. తరువాత కాళ్ళు ఎడంగా పెట్టి, పొద్దుటి నుంచి దాచుకున్నదంతా వదిలాడు. ఊక తేలింది. ఇందు చెప్పులూ, నానాజీ బూట్లూ మునిగాయి. గంజి క్యారియరు కొట్టుకుపోకుండా సన్యాసిరావు పైకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఈడేనండి అప్పన్న" అంది రాజశ్రీ.

నానాజీ తడి బూటు విదిలిస్తూ, "అయినా జనం మజ్జిన ఇంత కంపేటి? గుర్రాన్ని ఊరి బయటికి తోలెయ్యాలి. రేపే రిపోర్టు రాత్తాను" అన్నాడు. ఎవరి మీదో ఒకరి మీద ఆ కోపం తీరాలి కదా.

రాజశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు గోడ అవతల నుంచి కాసులమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంటూ వచ్చింది. "ఎవరి గుర్రాన్ని ఎవరు తోల్తారు బాబూ? కంపు నా పెరట్లో, గోడ నాది. నేను తిట్టుకుంటాను. నడిమిన నీకేటి? ఇందాక ఆ పిల్లోడిని పట్టుకుని అయ్యని సంపేసేవన్నావు. ఆ మాటకి ముందు రిపోర్టు రాయి" అంది. నానాజీకి స్టేషన్లో ఏదో పని గుర్తొచ్చింది.

మిగిలినవాళ్ళు సిగ్గుపడి పనిలో దిగారు. సన్యాసిరావు ఊక ఊడ్చాడు. ఇందు బస్తా మూతులు విప్పింది. కొబ్బరి పొట్టు జానెడు మందాన పరిచారు. అప్పన్న దాన్ని వాసన చూశాడు, తినలేదు. తుమ్మలేదు. కాసేపాగి అలవాటు ప్రకారం ధారాళంగా పోశాడు. పొట్టు గుటకలేసినట్టు తాగేసింది, పైకి ఒక్క చుక్క తేలలేదు. కాసులమ్మ గోడ అవతలికి వెళ్ళి చూసి వచ్చి, "పొడిగా ఉన్నాది" అని ప్రకటించింది. అప్పన్న ముందు మోకాళ్ళు వంచి, కుదురుగా వాలి, నాలుగు కాళ్ళూ చాపేశాడు.

మర్నాడు పొద్దెక్కినా అలాగే ఉన్నాడు. మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాడు కానీ లేవడం లేదు. త్రినాధరావు జబ్బేమోనని కంగారుపడి చెవులు పట్టి చూశాడు. వెచ్చగానే ఉన్నాయి. రాజశ్రీ బెల్లం ముక్క అందిస్తే పడుకునే తిని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఎన్నాళ్ళ నిద్ర బాకీయో, గుర్రుపెడుతున్నాడు. గజ్జెలు గలగలలాడించారు. కాసులమ్మ పళ్ళెం మీద డప్పు కొట్టింది. అప్పన్న ఒక చెవి కదిపి ఊరుకున్నాడు. తీసుకెళ్ళే లారీ వచ్చి హారను కొడుతోంది.

ఇంతలో ఫోన్ మోగింది. పెళ్ళికొడుకు మేనమామ, పేరు దేముడు. "బయల్దేరేవా త్రినాధరావూ?"

"ఏటి సెప్పమంటారు బాబూ... మా అప్పన్న పడుకున్నవాడు లెగట్లేదండి."

వెనక నుంచి రాజశ్రీ బతిమాలుతోంది: "లెగు నాన్నా! నామీద ఒట్టు, ఒక్కసారి కల్లు తెరువు నాన్నా!"

అవతల దేముడు గొంతు మారిపోయింది. "అయ్యయ్యో! ఎంత పని జరిగింది! ఎప్పట్నుంచి ఇలాగ?"

"రేత్రి పొడిగా పక్కేసేం బాబూ. వాలినవాడు వాలినట్టే ఉన్నాడు. కానీ గుర్రం..."

"ఛ, గుర్రం మాటెత్తకు! ఈ టయములో గుర్రమేటి? మావోడిని కార్లో తిప్పుకుంటాం. నువ్వు ఆయన్నొదిలి ఎక్కడికీ కదలకు. ఒక్కసారి ఫోను ఆయన చెవి దగ్గరెట్టు, పలకరిత్తాను."

త్రినాధరావు ఫోన్ తీసుకెళ్ళి అప్పన్న చెవి దగ్గర పెట్టాడు. అవతల నుంచి ఏవో ఓదార్పు మాటలు వినిపించాయి. అప్పన్న నిద్రలోనే ముక్కుపుటాలు అదిరేలా పొడుగ్గా ఊపిరి వదిలాడు.

"పాపం, ఆయాసం బాగా ఎక్కువగా ఉన్నాది" అన్నాడు దేముడు. "పెద్ద పేణం, జాగర్త."

"అలాగేనండి" అన్నాడు త్రినాధరావు.

ఆ ఫోన్‌లో అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు.