ఎనిమిదో మిర్రరు

ఈ కథలో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు! ప్రతి మాటకీ అసలు ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది. ఒట్టు!

అదొక ఉచిత సాఫ్ట్‌వేర్ భాండాగారం. ప్రోగ్రాములు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే, రాసినవాళ్ల మాటలతో సహా, అసలు ఫైళ్లను అక్కడ దాస్తారు. ఎవరైనా తీసుకోవచ్చు. ఆ ఇంటికి నిప్పంటుకున్నా ఫరవాలేదని ఎనిమిది ఊళ్లలో ఎనిమిది నకళ్లు. వాటిని మిర్రర్లంటారు. అసలు మారిందా, గంట తిరిగేసరికి మిర్రర్లూ మారతాయి. ఏమి విధేయత!

ఆ ఫైళ్లను కనిపెట్టుకుని ఉండే అక్క ఒకప్పుడు ఆసుపత్రుల్లో చీటీ నంబర్లు పిలిచే ప్రోగ్రాం రాసింది. పేరు పెట్టుకోవడానికి మొహమాటం. అందుకని మొదటి వరుసలో ఇలా రాసుకుంది: "రాసినది మూడో గది, కిటికీ పక్క బల్ల. తప్పుంటే వచ్చి తిట్టండి." ఇంత లోకంలో ఆవిడదంటూ ఉన్నది ఆ ఒక్క వరుసే. పదకొండేళ్లయినా తిట్టడానికి ఒక్కరూ రాలేదు.

వార్షికోత్సవానికి వారం ముందు డైరెక్టరు ఆ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇదిగో అమ్మా, ఆ వరుస తీసేసి నా పేరు, నా బిరుదులు పెట్టు. నంబరు పిలిచే ముందు అవన్నీ చదివి వినిపించాలి కూడా!"

"అసలు ఫైలు ముట్టుకోకూడదని మీరేగా గోడ మీద రాయించారు?"

"అది మనుషులకమ్మా! నేను సంస్థని!"

అక్క పళ్లు బిగబట్టి మార్చింది. గంటలో ఏడు మిర్రర్లు మారాయి, వాటి నుంచి తెచ్చుకునే ఆసుపత్రుల్లోనూ ప్రోగ్రాం మారింది. ఎనిమిదోది మారలేదు. అసలుతో దానికి లంకె తెగి మూడేళ్లయింది. బాగుచేయించమన్న అర్జీ డైరెక్టరు టీ కప్పు కింద "పరిశీలనలో" ఉంది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఒక అర్జీ గురించి అక్క తొందరపెట్టలేదు.

ఉత్సవంలో డైరెక్టరు మైకు పట్టుకుని "ఈ ప్రోగ్రాం నా చెమట!" అన్నాడో లేదో, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాసుపత్రి డాక్టరమ్మ లేచింది.

"రాసింది మీరేనా? మీకోసమే వచ్చాను! వారం నుంచి ప్రతి నంబరు ముందూ మీ బిరుదులే! అవి పూర్తయ్యేలోపు జ్వరాలు వాటంతటవే తగ్గి రోగులు ఇంటికి పోతున్నారు! ఎవరిదండీ ఈ నిర్వాకం?"

డైరెక్టరు గబగబా మైకు కింద పెట్టేశాడు.

"అబ్బే, నాది కాదండీ! రాసింది ఆవిడ! మూడో గది, కిటికీ పక్క బల్ల!"

"ఏడు మిర్రర్లు చూశాను. అన్నిట్లో మీ పేరే ఉందే!"

ఆయన అక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "తల్లీ, అసలు ప్రతి ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది కదూ?"

"ఉందండీ, మీ టీ కప్పు చలవ వల్ల!"

ఎనిమిదో మిర్రరు తెర మీదికొచ్చింది. అందులో బిరుదులు లేవు, ఆలస్యమూ లేదు. డాక్టరమ్మ మొదటి వరుస పైకి చదివి, నేరుగా అక్క దగ్గరికి నడిచి, "తిట్టడానికి ఏమీ దొరకలేదమ్మా!" అంది. హాలంతా చప్పట్లు. అదే అసలు ప్రతి అని డైరెక్టరు అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చి, సిగ్గుతో తల దించుకున్నాడు. గంటలో ఏడు మిర్రర్లూ అక్క వరుసకు తిరిగొచ్చాయి.

ఒట్టు వేశాను గానీ, ఒక్క ముక్క కల్పించాను. జ్వరాల సంగతి కాదు, అది నిజం! ఆయన సిగ్గుపడ్డాడన్నదే నా కల్పన. నిజానికి ఆ సాయంత్రమే గోడకి కొత్త బోర్డు వేలాడింది: "ముందుచూపుతో అసలు ప్రతిని ఎనిమిదో చోట కాపాడినవారు, మన డైరెక్టరు గారు."