రేడియో సార్ మౌనవ్రతం

ఆ ఉదయం రేడియో సార్ పథకం చాలా చిన్నది: నోరు మూసుకుని కూర్చోవడం. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఆయనకు ఆ పేరు పెట్టింది విద్యార్థులే. "రేడియోకైనా ఆపడానికి మీట ఉంటుంది, నాకు అదీ లేదు" అని ఆయనే ఒప్పుకునేవాడు.

రోగిగా ఎవరో నటిస్తుంటే వైద్యం నేర్పే పద్ధతిని సిమ్యులేషన్ అంటారు. దాని మీద ఆన్‌లైన్ శిక్షణ తీసుకుంటున్న సార్, చివరి పరీక్ష రెండుసార్లు తప్పాడు. నేర్చుకునేవాళ్లు ఆలోచిస్తుంటే జవాబు తనే అందించేయడం కారణం. ఈసారీ తప్పితే కాలేజీలోని కొత్త సిమ్యులేషన్ గది ఆయన శిష్యురాలి చేతికి పోతుంది. ఆమె కింద పనిచేయాలన్న ఊహకే ఆయనకు ముద్ద దిగడం లేదు.

రోగి వేషానికి మామగారు దొరికారు.

"గుండెనొప్పి, మామయ్యగారూ. నేను 'ముగిసింది' అనేదాకా లేవకూడదు."

"వయసులో నాటకాలాడినవాణ్ణి నాయనా, నాకు చెప్పాలా?"

అత్తగారు కూరగాయలకు వెళ్లారు. ఆవిడ వచ్చేలోపు అయిపోతుందిలే అని ఈ నాటకం సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

కంప్యూటర్ తెర మీద పరీక్షకురాలు, విద్యార్థుల పాత్రలో తోటి అధ్యాపకులు కనిపించారు. మామగారు సోఫాలో మెలికలు తిరుగుతూ మూలుగుతున్నారు. ఏం చేయాలో తేలక అధ్యాపకులు తర్జనభర్జన పడుతున్నారు. వాళ్లు తేల్చేలోపు సార్ జవాబు చెప్పినా, నాటకం ఆపినా పరీక్ష తప్పినట్టే. సార్‌కు నోరు దురద పెడుతోంది. అయినా చేతులు కట్టుకుని పంటి బిగువున కూర్చున్నాడు.

అంతలో తలుపు తెరుచుకుంది. అత్తగారి చేతిలోని సంచీ జారి టమాటాలు గదంతా దొర్లాయి.

"ఏమండీ, ఏమైందండీ?"

"గుండె పట్టేసిందే" అన్నారు మామగారు, ప్రేక్షకురాలు దొరికిన హుషారులో.

"అల్లుడుగారూ, అలా చూస్తూ కూర్చున్నారేంటి?"

సార్ నోరు తెరిచి, పరీక్షకురాలిని చూసి మూసేశాడు. కళ్లతో సైగ చేశాడు.

"ఈయనకేమో మాట పడిపోయింది" అని అత్తగారు అంబులెన్సుకు ఫోన్ చేశారు.

"కుటుంబ సభ్యుల పాత్ర కూడా పెట్టారే, బాగుంది" అంది పరీక్షకురాలు.

చివరికి అధ్యాపకులు సరైన వైద్యం తేల్చారు. "ముగిసింది" అని సార్ అనేసరికి స్ట్రెచర్ గదిలోకి వచ్చేసింది. మోసుకొచ్చిన ఇద్దరూ ఆయన శిష్యులే.

"నాకేం లేదు బాబూ" అంటూ మామగారు లేచారు.

"గుండెనొప్పి మనిషి నాకేం లేదంటే నమ్మొద్దని చెప్పింది మీరే కదా సార్" అంటూ ఒకడు మామగారిని పడుకోబెట్టి పట్టీ బిగించాడు.

"అది నటనరా" అన్నాడు సార్.

"కంగారులో బంధువులు ఏదేదో అంటారు, వినొద్దనీ మీరే చెప్పారు" అన్నాడు రెండోవాడు.

ఇన్నేళ్లలో తన పాఠం శ్రద్ధగా విన్నది ఈ ఇద్దరేనని సార్‌కు అంబులెన్సులో కూర్చున్నాక అర్థమైంది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, మామగారి గుండె ఉక్కులా ఉందని చెప్పి సాయంత్రానికి పంపారు. అసలు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ అత్తగారు ఇద్దరి మొహాలూ చూడలేదు.

ఇంటికి రాగానే ఫలితం కనబడింది. సార్ పాసయ్యాడు. 'ఎంత ఒత్తిడిలోనూ మౌనం వీడలేదు' అని పరీక్షకురాలు ప్రత్యేకంగా మెచ్చుకుంది. ఆయనకు కళ్లు చెమర్చాయి.

"అత్తయ్యగారూ, గది నాదేనండీ."

ఆవిడ కాఫీ కప్పు ఆయన ముందు పెట్టి, పలకకుండా లోపలికి వెళ్లిపోయారు.

సార్‌కు మూడో ప్రయత్నంలో గానీ పట్టుబడని విద్య, ఆవిడకు ఏ శిక్షణా లేకుండానే వచ్చేసింది.