ఏడాదిలోపు కప్పు

ఒక పెద్ద అడవిలో చదునైన నేల ఒకే ఒక్క చోట ఉండేది. జంతువులు దాన్ని ఫుట్‌బాల్ గ్రౌండ్ చేసుకుని, ఏడాదిలోపు పిల్లలకు లీగ్ పెట్టాయి. అడవి జట్టుకు కోచ్ నక్క నాగభూషణం. ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచాడు. రహస్యమేమీ లేదు. జట్టు నిండా కుందేళ్ళే.

కెప్టెన్ చంద్రికి పదకొండు నెలలు. ఆమెకు బంతి అందితే చాలు, గట్టు మీద చిన్న చిన్న గొంతులు లేచేవి.

"అమ్మమ్మా, కొట్టు! అమ్మమ్మా, గోల్!"

"పిల్లల లీగ్‌లో అమ్మమ్మేంటండీ?" అని అడిగింది ఏనుగు రాజమ్మ. ఆమె కూతురు, గున్న ఏనుగు వరాలు, మొదటి మ్యాచ్ నుంచీ బెంచీ మీదే ఉంది. బెంచీ రెండుసార్లు విరిగింది కూడా.

"ఆవిడకు ఏడాది నిండిందా? లేదుగా! రూల్ రూలేనమ్మా," అన్నాడు నాగభూషణం. "ముందు మీ అమ్మాయి సంగతి చూడండి. తన తొండం తనే తొక్కుకుని పడుతోంది."

"ఏనుగులం కదండీ. అది ఎదగడానికి పదిహేనేళ్ళు పడుతుంది."

"పదిహేనేళ్ళా! ఫైనల్ శనివారమమ్మా!"

వరాలుకి ఆదివారంతో ఏడాది నిండుతుంది. ఆలోపు మ్యాచ్‌లో ఒక్కసారైనా బంతి తన్నకపోతే లీగ్ నుంచి పేరు శాశ్వతంగా కొట్టేస్తారు, ఇక పెద్దయ్యాక పెద్దల ఆటలోకీ రానివ్వరు.

"ఒక్కసారి తన్నితే చాలమ్మా. గోల్ కాకపోయినా ఫర్లేదు," అని వరాలు తల్లి దగ్గర గునిసేది.

శుక్రవారం చంద్రికి ఏడాది నిండింది. కుందేళ్ళన్నీ ఒకే కాన్పు కాబట్టి జట్టు మొత్తం ఒకేసారి రిటైరైంది. నాగభూషణం తల పట్టుకుని కూర్చున్నాడు.

శనివారం తొలకరి పడింది. సాయంత్రానికి పుట్టలోంచి ఉసిళ్ళు బిలబిలమంటూ పైకి లేచాయి.

"ఆహా! నిన్న లేరు, ఇవాళ తయారు! ఎదుగుదలంటే ఇదీ!" అని నాగభూషణం గంతులేశాడు.

"మాకు ఆట రాదండీ," అన్నాయి ఉసిళ్ళు.

"నేర్పే టైమ్ లేదు నాయనా. బంతి మీద వాలి తోసెయ్యండి."

ఎదుటి జట్టు పక్క అడవిది. దాని కోచ్ ఎలుగుబంటి భద్రయ్య. పిల్లలందరినీ వంతులవారీగా ఆడించి తీరిగ్గా ఓడిపోతాడు. లీగ్‌లో ఉన్నవి రెండే జట్లు కాబట్టి ఫైనల్‌కొచ్చాడు.

సగం ఆటకు ఉసిళ్ళు ఆరు గోల్స్ కొట్టాయి. ఎలుగు పిల్లలది సున్నా.

"సార్, రెక్కలు రాలిపోయాయి," అంది ఒక ఉసిలి.

"విరామంలో రెక్కలెవరు విప్పమన్నారు?"

"విప్పలేదు సార్. మా కెరీర్ అయిపోయింది."

బెంచీ మీద మిగిలింది వరాలు ఒక్కతే. గతిలేక దింపాడు. ఎలుగు పిల్లలు ఆమె కాళ్ళ మధ్యనుంచే దూరి వరసగా ఆరు కొట్టారు. ఆఖరి నిమిషంలో బంతి దొర్లుకుంటూ వచ్చి వరాలు ముందు ఆగింది.

"కదలకు!" అని నాగభూషణం గావుకేక పెట్టాడు. "డ్రా అయితే సగం కప్పయినా మనదే!"

వరాలు తల్లి వైపు చూసింది. రాజమ్మ తలూపింది. వరాలు కళ్ళు మూసుకుని తన్నింది. బంతి రివ్వున వెళ్ళి సొంత గోల్‌లో పడింది. ఏ గోల్ ఎవరిదో అప్పటిదాకా ఆమెకెవరూ చెప్పలేదు.

"అమ్మా, తన్నాను!" అని వరాలు గెంతుతుంటే గ్రౌండంతా అదిరింది.

"దాని పేరు కొట్టేయండి!" అన్నాడు నాగభూషణం.

"తన్నిందిగా. కొట్టేయడానికి లేదు," అంది రిఫరీ కొంగ.

భద్రయ్య దగ్గరకొచ్చాడు. "ఈ పిల్లను మాకిస్తారా?"

"తీసుకుపోండి, ఉచితం! పదిహేనేళ్ళు మేపుకోండి!"

"అలాగే. మాకు తొందరేముంది?" అని భద్రయ్య వరాలుని, రాజమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

మర్నాడే నాగభూషణం గుడ్లకు కోచింగ్ మొదలుపెట్టాడు. చేర్పించడానికి తల్లులు బారులు తీరారు.

నీతి: పిల్లలకు టైమ్ ఇస్తే ఎదిగిపోతారు, ఇక పిల్లల కప్పు ఎవరు గెలుస్తారు?