ఏడుపుల తీర్మానం

ఇకమీదట చావింటికి స్వయంగా వచ్చి ఏడవనక్కర్లేదని, ఏడుపును ఫోన్లో రికార్డు చేసి పంపితే వచ్చినట్టే లెక్క అని పాశమైలారం ఫ్యాక్టరీల పక్కనున్న ఒక ఊరి వాట్సాప్ గ్రూపు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలి రాలేని జనానికి ఇంతకన్నా మేలు ఎవరు చేయగలరు? తీర్మానాన్ని పూర్తిగా చదివినవారు లేరు గానీ, బొటనవేలి బొమ్మలు మాత్రం వరదలా వచ్చిపడ్డాయి.

ఈ సౌకర్యం మొట్టమొదట పుష్పమ్మకు దక్కింది. ఆమె భర్త యాదగిరి తెల్లవారుజామున పోయాడు. వెనకటి అనాగరిక కాలంలో అయితే, వచ్చిన ప్రతి ఆడమనిషీ గడప దగ్గరే శోకాలు పెడుతూ పుష్పమ్మ మెడను కావిలించుకుని, పోయినవాడి మంచీచెడ్డా చెప్పుకుంటూ ఏడ్చేది. అలా ఒకరిని పట్టుకుంటే తప్ప పుష్పమ్మకు ఏడుపు రాదు. పాత మనిషి కదా, ఆ అలవాటు పోలేదు.

గ్రూపు అడ్మిన్, యాదగిరికి తమ్ముడి వరస అయిన నర్సింహులు, వినాయక మండపంలో వాడే స్పీకరు తెచ్చి శవం తలాపున పెట్టాడు.

"వదినె, నువ్వేం పరేషాన్ గాకు. అందరి ఏడుపులు వచ్చినయ్. మనూరు ఎంత ముందుకు పోయిందో సూడు! అన్న బతికుంటే ఎంత సంబురపడేటోడో!"

ఆడబిడ్డ ఏడుపు వెనక ప్యాకింగ్ మిషను చప్పుడు వినబడింది. నడుమ "సూపర్‌వైజర్ వస్తుండు" అని కాసేపు ఆగి, మళ్ళీ అందుకుంది. మేనకోడలు వేరే ఊరి గ్రూపు కోసం ఇంకెవరి చావుకో ఏడ్చిన రికార్డును దాచుకుని అదే పంపింది కాబట్టి, యాదగిరి ఆమెకు కాసేపు అత్తమ్మ అయ్యాడు. రెండో షిఫ్టు లోపల శవం లేవాలని నర్సింహులు మిగతా ఏడుపులను వేగం పెంచి వినిపించాడు.

పుష్పమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"నర్సింహులూ, ఎవలన్న ఒక్కలు రారా? నాకు ఏడుపొస్తలేదు."

"అందరొచ్చినట్టే గదా వదినె! నువ్వు గూడ జెర ఏడ్సి పంపు, గ్రూపుల పెడ్త."

అప్పుడే వెనక గదిలో కిరాయికుండే ఒడిశా అమ్మాయి మమత రాత్రి డ్యూటీ దిగి వచ్చింది. కిరాయివాళ్ళను గ్రూపులో చేర్చుకోరు గనుక, రానక్కర్లేదన్న సంగతి ఆమెకు తెలియదు. ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చి పుష్పమ్మ మెడ కావిలించుకుని, తన భాషలో ఏదో అంటూ భోరుమంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పుష్పమ్మ ఆమెను గట్టిగా పట్టుకుని ఇల్లంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

బాధ్యతగల అడ్మిన్ కనుక నర్సింహులు దాన్ని వీడియో తీశాడు. అది చూసి ఊరంతా నిజంగానే వెక్కివెక్కి ఏడ్చింది, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని. ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. ఇంతకూ, ఎంతమందికి పంపారు?